నాపబండ మీద ఊరు

జమ్మలమడుగు బస్టాండులో మా ఊరి బస్సు కోసం నిలబడి ఉండగా హుసేనమ్మవ్వ ఫోన్ చేసింది. ఆమె ఫోన్ చేస్తే ముందు నాలుగు తిట్టి, తర్వాత సంగతి చెబుతుంది. పింఛను ఎందుకు రాలేదనో, కువైట్‌లో ఉన్న కొడుకు పంపిన కాగితాలు ఏమైనాయనో. ఆ రోజు తిట్టలేదు.

“నాయనా, బండ మింద ఒగటి తగ్గించల్ల,” అంది.

“ఎవరవ్వా?”

 ఆమె పేరు చెప్పలేదు, ఫోన్ పెట్టేయలేదు. అవతల ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు వినిపించింది. మా సోషల్ సార్ నాలుగు రోజులుగా ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఉన్నారని నాకు తెలుసు. అందుకే మళ్లీ అడగలేదు.

మా ఊళ్లో చావు కబురును ఇట్లా చెప్పడం సార్ వల్లే అలవాటైంది. ఊరి బస్టాపు దగ్గర మనిషెత్తు నాపబండ ఒకటి నిలబెట్టి ఉంటుంది. దాని మీద తెల్ల రంగుతో మా ఊరి విస్తీర్ణం, ఎత్తు, నాలుగు దిక్కుల హద్దులు, సాగుభూమి ఎంత, బీడు ఎంత, రాయి ఎంత అని వరుసగా రాసి ఉంటుంది. కింద ‘ఉండేవాళ్లు’ అని ఒక వరుస. ఆ అంకె మాత్రం రంగుతో కాదు, సుద్దముక్కతో. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఎవరు పోయినా సార్ ఆ రోజే వచ్చి పాత అంకె తుడిచి కొత్తది రాసేవారు. పన్నెండేళ్లకు పైగా రాశారు. పెద్దవాన కురిస్తే తెల్లవారగానే వచ్చి, కరిగిపోయిన అంకెను తిరిగి దిద్దేవారు. ఆ అంకె ఆయనకు ఎప్పుడూ నోట్లోనే ఉండేది.

నేను ఈ ఊళ్లో ఉత్తరాలు పంచే పోస్టుమాన్‌ని. పదో తరగతిలో సార్ నాకు సోషల్ చెప్పారు. నేను అంతకు మించి చదువుకోలేదు. సార్ గురించి రాయమని నాతో చదివినవాళ్లు అడిగితే, రాయడం నా పని కాదన్నాను. కానీ ఆ బండ మీద తూర్పు హద్దు దగ్గర ‘తెలియదు’ అని ఎందుకు రాసి ఉందో మొదటినుంచీ చూసినవాళ్లం ఊళ్లో ఇద్దరమే మిగిలాం. రెండో మనిషి హుసేనమ్మవ్వ. ఆమెకు రాయడం రాదు.

సార్‌ది పులివెందుల పక్క పల్లె. చీనీ బత్తాయిల తోట ఉండేదట. బోర్లు ఎండిపోయి చెట్లు కొట్టేశారని ఒకసారి చెప్పారు, అంతకు మించి ఆ మాట ఎత్తలేదు. బదిలీ మీద మా హైస్కూలుకు వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. సన్నటి మనిషి. తెల్ల చొక్కా జేబులో పెన్ను బదులు సుద్దముక్క ఉండేది. జేబు ఎప్పుడూ పొడిపొడిగా తెల్లగా ఉండేది. చొక్కా కూడా తెల్లదే కాబట్టి తిట్టే పని తప్పిందని సార్ తన భార్యను చూపించి నవ్వేవారు.

ఎడమ, కుడి అనే మాటలు ఆయన నోట నేను వినలేదు. అన్నీ దిక్కులే. మంగలి అంగట్లో కూర్చుని, “పడమటి పక్క ఇంగొంచెం తగ్గించప్పా,” అనేవారు. ఆ మంగలి కుర్చీ చుట్టూ తిరిగి సూర్యుణ్ణి చూసి వచ్చి, “సార్, మీరు తల తిప్పితే నా పడమర మారిపోతాది,” అన్నాడు. సార్ దాన్ని క్లాసులో పాఠంగా చెప్పారు.

బండకు మూలం పోస్టులో వచ్చిన ఒక పొట్లం. దాన్ని సార్ చేతిలో పెట్టింది నేనే.

గండికోట చూడటానికి వచ్చిన విదేశీ దంపతులు ఒకసారి ఎండాకాలంలో మా ఊరి దగ్గర ఆగిపోయారు. వాళ్ల ఆటో చెడిపోయింది. సార్ బడి వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. ఆ పెద్దమనిషి ఐరోపాలో ఆల్ప్స్ కొండల మధ్య ఒక చిన్న ఊరివాడు. ఆ ఊరి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడట. పెన్నా లోయ చూసి ఆయన ఏమన్నాడో గానీ, సార్ మాత్రం ఆయన ఊరి గురించే అడిగి అడిగి విసిగించారు. ఆరు నెలల తర్వాత మంచుకొండ బొమ్మ ఉన్న స్టాంపులతో పొట్లం వచ్చింది. అందులో పలకంత పుస్తకం. అది వాళ్ల ఊరి గురించి వాళ్ల ఊరివాళ్లే అచ్చు వేసుకున్నది. సగం ఇంగ్లీషులో ఉంది.

సార్ దాన్ని విప్పి బడి మెట్ల మీదే చదివారు. నన్ను పోనివ్వలేదు.

“ఆ ఊరి జనం మన ఊరి కంటే తక్కువప్పా. సగం కూడా లేరు. అయినా చూడు. అడివి ఎంత, గడ్డి బీడు ఎంత, ఇండ్లు ఎంత జాగాలో ఉండాయి, ఏరు ఎంత జాగా తినింది, అంతా రాసుకున్నారు. దేనికీ పనికిరాని రాయి ఎంత ఉండాదో అది కూడా రాసినారు.”

“పనికిరాని రాయి రాసుకోని ఏం చేస్తారు సార్?”

“ఏం చేస్తారు? తెలుసుకుంటారు. మనకైతే రాయే కూడు పెడతాండాది. మనం దాన్ని కూడా రాసుకోలే.”

మా ఊళ్లో సగం మంది నాపరాయి గనుల్లో కూలికి పోయేవాళ్లే. ఇండ్ల గోడలు, కప్పులు, అరుగులు, గొడ్ల తొట్లు, అన్నీ ఆ రాయే. అంత రాయి మధ్య బతుకుతూ దాన్ని ఎవరూ ఊరి లెక్కలో చేర్చలేదన్నది నిజం.

ఆ పుస్తకంలో ఒక సంగతి సార్‌కు బాగా పట్టింది. ఎండాకాలం వస్తే అక్కడ కొందరు ఆవుల్ని తోలుకుని పైకొండలకు పోయి, చలి మొదలయ్యేదాకా అక్కడే ఉంటారట. వాళ్లను కూడా ఊరి జనంలోనే రాశారు. “కొండెక్కినోణ్ణి ఇడిసిపెట్టలే చూడు,” అని నాకు రెండుసార్లు చెప్పారు. తర్వాత ఏం జరిగిందో తెలుసు కాబట్టి ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

ఆ ఏడే సార్ మా ఊరి పటం గీయడం మొదలుపెట్టారు. పాత సైకిలు చక్రానికి కర్ర బిగించి, ఒక పుల్లకు గంట కట్టారు. చక్రం ఒక చుట్టు తిరిగితే గంట ఒకసారి మోగుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలు గంటలు లెక్కపెడుతూ పొలిమేర చుట్టూ నడిచారు. మూడు వారాలు పట్టింది. గొర్రెల కాపర్లు గొర్రెలే తప్పిపోయాయనుకుని రెండుసార్లు గంట వెంట పరుగెత్తారు.

హద్దులు తెలియాలంటే పెద్దవాళ్లను అడగాలి. సార్ టీ అంగడి దగ్గర కూర్చుని, “తూర్పు హద్దు ఏందప్పా?” అని అడిగారు. అక్కడున్న ముసలివాళ్లంతా ఒకే మాట చెప్పారు. “వంక సార్.” సార్ తూర్పుకు పోయారు. అక్కడ వాగులాంటి వంక ఉంది. పుస్తకంలోని పటంలో కూడా ఆ కొండ ఊరికి ఒక పక్క ఏరే హద్దు. సార్ వంకను హద్దుగా గీశారు. అదే ఆయన చేసిన తప్పు.

ఆ పెద్దవాళ్లు అబద్ధం చెప్పలేదు. హద్దు వంకే. కానీ వాళ్లు చెప్పిన వంక సార్ చూసిన వంక కాదు. కొండ ఊళ్లో ఏరు రాతిని కోసుకుని ఒకే దారిలో పారుతుంది. మా వంక ఏడాదిలో పది నెలలు ఎండి ఉండి, ఒక్క రోజు వానకు దారి మార్చేస్తుంది. సార్ మా ఊరికి రాకముందు, నా చిన్నతనంలో, పెద్ద వాన కురిసి వంక పాత దారి వదిలి, ఊరికి దగ్గరగా కొత్త దారి కోసింది. పల్లంలో ఉన్న ముప్పై ఎనిమిది గుడిసెలు పోయాయి. ఆ కుటుంబాలు తూర్పున, పాతవంకకు ఇవతల ఉన్న మిట్ట ఎక్కి రాళ్లు పేర్చుకుని ఇండ్లు కట్టుకున్నాయి. ఎక్కువమంది దూదేకులవాళ్లు, గనుల్లో రాయి తీసేవాళ్లు. అప్పటినుంచి ఆ జాగాను మిట్ట అంటారు. వంక జరగక ముందు వాళ్లు ఊళ్లోవాళ్లే. జరిగిన తర్వాత వంకకు అవతలివాళ్లయ్యారు. దీన్ని ఎవరూ సార్‌కు చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి చెప్పాలని తోచలేదు.

పటం బాగా కుదిరింది. పంచాయతీ ఆఫీసులో అద్దం బిగించి తగిలించారు. బస్టాపు దగ్గర బండ నిలబెట్టింది కూడా అప్పుడే.

రెండేళ్లు గడిచాక తాగునీటి పైపులు వచ్చాయి. ఊరంతా వేసి వంక ఇవతలి ఒడ్డున ఆపేశారు. మిట్టవాళ్లు పోయి అడిగితే పంచాయతీ సెక్రటరీ గోడ మీది పటం చూపించాడు. “మీరు మా ఊరి హద్దులో లేరు కదా. సార్ కొలిచి గీసినాడు, చూసుకోండి.” పక్క ఊరివాళ్లను అడిగితే, “మా ఊరు పాతవంక దగ్గరే అయిపోయె. మీరు మాకెట్ల వస్తారు?” అన్నారు. వంక దాటి పైపు వేయాలంటే పని ఎక్కువ. పటం లేకపోయినా వాళ్లు ఏదో ఒకటి చెప్పేవాళ్లేమో. కానీ పటం ఉంది.

ఆ రోజు నేను బడికి రిజిస్టరు కవరు ఇవ్వడానికి పోయి ఉన్నాను. హుసేనమ్మవ్వ ఖాళీ బిందెతో వచ్చింది. అప్పటికి ఆమె అవ్వ కాదు, జుట్టు సగమే నెరిసింది. నేరుగా క్లాసులోకి పోయి బిందెను సార్ మేజా మీద పెట్టింది.

“సార్, నీ పటంలో మేము యాడుండాము?”

సార్‌కు అర్థం కాలేదు. “కూర్చో తల్లీ,” అన్నారు.

“కూర్చోను. మిట్ట మింద నుంచి నీళ్లకు ఈడికి రావల్ల, మల్లా మోసకపోవల్ల. నేను నిలబడే ఉంటా. నువ్వు చక్రం తోసుకోని తిరిగితివే, పిల్లోళ్లు గంట కొడితిరే. మా ఇండ్లు కనబడలేదా? పొగ కూడా కనబడలేదా?”

“హద్దు వంక అన్నారు తల్లీ.”

“ఏ వంక? ఇది నిన్న మొన్న వచ్చిన వంక. నా పెండ్లినాటికి ఈడ సజ్జచేను ఉన్నింది.”

సార్ కుర్చీలోంచి లేచారు. ఆమె బిందె తీసుకుని వెళ్లిపోయింది. పిల్లలు ఎవరూ నవ్వలేదు. సార్ నా కవరు మీద సంతకం చేస్తూ, ఎక్కడ చేయాలో రెండుసార్లు అడిగారు.

సాయంత్రం బస్సు దిగి చూస్తే సార్ బస్టాపులో మోకాళ్ల మీద కూర్చుని గరుకు కాగితంతో బండను గీకుతున్నారు. తూర్పు దగ్గర ‘వంక’ అనే మాట చెరిపేసి, రంగు తెప్పించి, ‘తెలియదు’ అని రాశారు. తర్వాత జేబులోంచి సుద్దముక్క తీసి, కింద అంకె తుడిచి, మిట్ట జనాన్ని కలిపి కొత్త అంకె వేశారు. మధ్యాహ్నమంతా మిట్ట మీద ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసుకుని వచ్చారట.

మర్నాడు సెక్రటరీ బండ దగ్గరే సార్‌ను పట్టుకున్నాడు.

“ఇట్ల మీ ఇష్టమొచ్చినట్ల కలిపితే ఎట్ల సార్? హద్దు తెలీదంటిరి, జనం ఎట్ల తెలిసె?”

“జనాన్ని చూసినానప్పా. హద్దును చూడలే. చూసింది రాసినా, చూడంది తెలీదని రాసినా.”

“మరి ఆపొద్దు పటంలో చూడకుండానే గీసినారా?”

“గీసినా. అది నా తప్పు. ఆ మాట కాగితం మింద రాసిస్తా, పటం పక్కన తగిలించు.”

రాసిచ్చారు. ఆ కాగితాన్ని ఎవరూ తగిలించలేదు. పటం మాత్రం గోడ మీదే ఉంది. తీసేయమని సార్ అర్జీలు పెట్టారు. మండలాఫీసుకు ఆయన పంపిన రిజిస్టరు ఉత్తరాలన్నీ నా చేతి మీదుగానే పోయాయి. జవాబుగా ఒకటే మాట వచ్చేది. తూర్పున మూడు ఊర్ల హద్దులు కలిసేచోట పాత సర్వే రాయి ఉండాలి. అది చూపిస్తే కొలుస్తారు. చూపించకపోతే ఉన్న పటమే ఉంటుంది.

బస్సు ఆగినప్పుడల్లా కిటికీల్లోంచి జనం బండ చదివి ఎగతాళి చేసేవాళ్లు. “ఈ ఊరోళ్లకు తూర్పు యాడుందో తెలీదంట మామా.” “పొద్దున్నే లేస్తే కదా తెలిసేది.” సార్ అక్కడే నిలబడి వినేవారు. ఆ మాటను చెరిపి ఖాళీగా పెట్టమని హెడ్మాస్టరు చెప్పినా వినలేదు. “ఖాళీగా పెడితే మరిసిపోతారు. తెలీదని ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు,” అనేవారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సార్ తనను ఊరి లెక్కలో వేసుకోలేదు. బదిలీ మీద వచ్చినవాణ్ణి, రేపు పొమ్మంటే పోవాలి అనేవారు. రిటైరైన రోజు బడిలో కప్పిన శాలువాతోనే బస్టాపుకు వచ్చి, అంకెకు రెండు కలిపారు. అందరూ ఆయన పులివెందులకు పోతారనుకున్నారు. ఆయన భార్య అక్కడే నిలబడి, “నన్నొక మాట అడగకుండానే కలిపితిరే,” అంది. “అడిగితే వద్దంటావా?” అన్నారు. “ముందు అడగండి, తర్వాత చూద్దాం,” అంది ఆమె. సార్ సుద్దముక్క ఆమె చేతికిచ్చారు. ఆమె తుడవలేదు.

కువైట్ పోయినవాళ్ల లెక్క దగ్గర మాత్రం పెద్ద తగవే అయింది. ఊళ్లో రోజూ ఉండేవాళ్లనే రాయాలని సార్ పద్ధతి. హుసేనమ్మవ్వ ఒప్పుకోలేదు. “నా కొడుకు దినామూ ఫోన్ చేసి ఏం కూర చేసినావని అడుగుతాండాడు. వాడు ఊళ్లో లేడంటావా?” అంది. సార్ రెండు రోజులు ఆలోచించి ‘ఉండేవాళ్లు’ కింద ‘రావలసినవాళ్లు’ అని ఇంకో వరుస వేశారు. ఆ కొండ ఊరి పుస్తకంలో ఇది లేదని, వాళ్లకు ఉత్తరం రాసి చెబుతానని అన్నారు. రాశారు కూడా. స్టాంపులు నేనే అంటించాను.

రిటైరైన తర్వాత ఆయనకు రాయి వెతకడమే పని. ఎన్నో అర్జీల మీద పాత గ్రామపటం నకలు సంపాదించారు. దాంట్లో మూడు ఊర్ల రాయి గుర్తు మిట్టకు తూర్పున ఉంది. అంటే మిట్ట మా ఊళ్లోదే. నకలు చూపిస్తే, “కాగితం సరే సార్, రాయి ఏదీ?” అన్నారు. రాయి తల మీద మూడు గీతలు, ఒక పక్క నిలువునా పొడుగాటి గీత ఉంటుందని ఆ కాగితంలో ఉంది. సార్ ఆ బొమ్మ పెద్దదిగా గీసి మిట్ట మీద ఇంటింటికీ చూపించారు. అందరూ తల అడ్డంగా ఊపారు. హుసేనమ్మవ్వ బొమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, తెలీదంది.

ఆ ఏడు చలికాలంలో సార్ భార్య చనిపోయింది. పది రోజుల జ్వరం. వంక పక్కన దహనం చేశాం. స్నానం చేసి అందరం తిరిగి వస్తుంటే సార్ తడిబట్టలతో ఇంటికి పోకుండా బస్టాపుకు నడిచారు. జేబులో సుద్దముక్క తడిసి మెత్తగా అయింది. అంకె ఆఖరున ఉన్న ఏడును తుడిచి ఆరు వేశారు. తడి సుద్ద సరిగ్గా పడలేదు. రెండుసార్లు దిద్దారు.

“ఈపొద్దే ఏం తొందర సార్? రేపు రాస్తురు లే,” అన్నారెవరో.

“ఈపొద్దే పోయింది కదప్పా,” అన్నారు సార్.

హుసేనమ్మవ్వ అక్కడే ఉంది. మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని సార్ ఇంటికి పోయింది. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి చెప్పింది.

“సార్, నువ్వు నీ ఇంటి మనిషిని ఆపొద్దే తీసి రాసినావు. నేను రాయిని ఇన్నేండ్లు దాసిపెట్టుకోనుండా.”

మిట్ట మీద ఆమె ఇంటి వెనక బట్టలుతికే బండ ఉంది. దాన్ని ముగ్గురం కలిసి తిప్పాం. అడుగు వైపున మట్టి గీకితే తల మీద మూడు గీతలు. పక్కన నిలువు గీత. కింది భాగం వంకరగా విరిగి ఉంది. వాన తర్వాత ఇల్లు కట్టుకునేటప్పుడు ఆమె భర్త గడ్డపారతో పెకలించబోతే సగానికి విరిగిందట. పై ముక్క తెచ్చుకున్నారు. సర్కారు రాయి అని తర్వాత తెలిసి, కేసు పెడతారేమోనని బోర్లా వేసి బట్టలుతుక్కున్నారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అడుగు ముక్క ఎక్కడుందో ఆమెకు తెలియదు. ఆ చోటంతా పాతవంక ఇసుకలో పూడిపోయింది.

నాకు కోపం వచ్చింది. సార్ రాయి పక్కన కూర్చుని గీతలో వేలు పెట్టి రుద్దుతున్నారు.

“తిట్టు సార్,” అంది ఆమె.

“ఏమని తిట్టేది? నా తప్పు గోడ మింద ఉండాది, నీ తప్పు నీళ్ల కింద ఉండాది. నీదే కొంచెం శుభ్రంగా ఉంది.”

ఆమె ఏడుస్తూ నవ్వింది. సార్ కూడా నవ్వారు; భార్యకు జ్వరం వచ్చినప్పటినుంచి ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

సర్వేయరు వచ్చి చూశాడు. మంచివాడే, కుర్రవాడు. “పై ముక్క ఎవరైనా యాడికైనా మోసకపోవచ్చు సార్. అడుగు ముక్క భూమిలో ఉండాల. అది కదలకుండా చూపించండి, రెండూ అతుక్కుంటే నేను కొలిచి రాస్తా,” అన్నాడు. అంతకు మించి అతను చేయగలిగింది లేదు.

అప్పటినుంచి నాలుగు ఎండాకాలాలు తవ్వాం. నకలులోని దూరాల ప్రకారం సార్ సైకిలు చక్రంతో కొలిచి ముగ్గు పోసేవారు. మిట్టవాళ్లు గని పని లేని రోజుల్లో పార, తట్ట తెచ్చేవాళ్లు. ఉత్తరాలు పంచడం అయిపోయాక నేనూ పోయేవాణ్ణి. వాన పడితే తవ్విన గుంతలు మళ్లీ పూడిపోయేవి. ఊళ్లోవాళ్లు లంకెబిందెలు దొరికాయా అని అడిగేవాళ్లు. “దొరికినాయి, బిందెలే దొరికినాయి, నీళ్లే లేవు,” అనేది హుసేనమ్మవ్వ.

ఒకసారి నేనే విసుగెత్తి, “సార్, మీరు చేసిన తప్పు ఒకటే. దానికి ఇంత తవ్వాల్నా?” అన్నాను.

“నేను తప్పు చేసినానని కాదప్పా తవ్వుతాండేది. వాళ్లకు నీళ్లు రాలేదని. నీళ్లు వచ్చేదాకా నా తప్పు అయిపోలేదు.”

ఆయన ఆ మాట పెద్దగా అనలేదు. ఇసుక తట్ట నా వైపు జరిపారు.

ఈ ఏడాది ఎండలు ముదరకముందే ఆయాసం మొదలైంది. గొడుగు కింద కుర్చీ వేసుకుని చెప్పేవారు, మేం తవ్వేవాళ్లం. చివరకు సార్ అన్న కొడుకు పులివెందుల నుంచి వచ్చి ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోతుంటే బస్టాపులో నేను ఎదురయ్యాను. సార్ కారు కిటికీ దింపమన్నారు. ముందు బండ వైపు చూశారు. ఆ ముందురోజు ఊళ్లో ఆడపిల్ల పుట్టింది. నాతో సుద్దముక్కతో దిద్దించారు. అంకె సరిగ్గా ఉందని చూసుకుని అప్పుడు మాట్లాడారు.

“పది గజాలు దక్షిణానికి జరగండప్పా. మనం ఇసుక మింద కొలిచినాం. ఎగుడు దిగుడుగా పోతే చక్రం ఎక్కువ తిరుగుతాది. నకలులో కొలత చదునుకు రాసింది, మనం ముందే ఆగిపోతిమి. నాకు నిన్న తోచింది.”

“సరే సార్.”

“ఇన్నేండ్లు సోషల్ చెప్పినా, ఇది తోచలే చూడు,” అని తనమీద తనే విసుక్కున్నారు. “నేను వచ్చేదాకా ఆగొద్దండి.”

అదే ఆఖరు మాట. కారు జమ్మలమడుగు దారిలో మలుపు తిరిగేదాకా ఆయన కిటికీ ఎత్తలేదు.

కబురు తెలిసిన రోజు నేను బస్సు దిగేసరికి దేహం ఇంకా ఊరికి రాలేదు. బండ దగ్గర చాలామంది నిలబడి ఉన్నారు. ఎవరి దగ్గరా సుద్దముక్క లేదు. ఇన్నేళ్లూ సార్ జేబులో తప్ప ఎక్కడా దాని అవసరం పడలేదు. బడినుంచి ఒక ముక్క తెప్పించి, అంకె తుడిచి, ఒకటి తగ్గించి రాశాను. తప్పు రాశానేమోనని వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకున్నాను. రాత్రికి ముందే దహనం అయిపోయింది, భార్యకు చేసిన చోటే. మిట్టవాళ్లు వంక దాటి అందరూ వచ్చారు. ఆ రోజు మిట్ట మీద ఒక్క ఇంట్లో కూడా నీళ్లు మోయలేదని తర్వాత తెలిసింది.

మూడో రోజు హుసేనమ్మవ్వ నా పోస్టు సంచీ పట్టుకుని నన్ను ఆపింది.

“పది గజాలు అన్నాడంటివే.”

“అన్నాడవ్వా.”

“మరి ఎవురికోసం సూస్తాండావు?”

పది గజాలు చక్రంతో కాదు, తాడు బిగించి లాగి కొలిచాం. తొమ్మిది రోజులు తవ్వాం. కువైట్ నుంచి నెల సెలవు మీద వచ్చిన అవ్వ కొడుకు కూడా పార పట్టాడు. ఊళ్లోవాళ్లు లంకెబిందెల మాట ఎత్తలేదు. నలుగురైదుగురు పారలు తెచ్చుకుని వచ్చారు కూడా. మొన్న మంగళవారం పొద్దున, నడుము లోతున పారకు రాయి తగిలింది. మామూలు రాయి మోగినట్లు మోగలేదు. చేతులతో ఇసుక తీశాం. నిలువుగా పాతిన రాయి, తల వంకరగా విరిగి ఉంది. ఎవ్వరం దాన్ని కదిలించలేదు. ఫోటో తీసి సర్వేయరుకు పంపాను. సోమవారం వస్తానన్నాడు. సోమవారం రాకపోతే మంగళవారం మేమే పోతాం. అర్జీ రాసి నా సంచీలో పెట్టుకున్నాను. బండ మీద ‘తెలియదు’ అనే మాట అతను కొలిచేదాకా అట్లాగే ఉంటుంది. సార్ ఉన్నా అట్లాగే ఉంచేవారు.

రాయి దొరికిన రోజే పై ముక్కను మిట్టమీది నుంచి ఆరుగురు మోసుకుని వచ్చారు. తాళ్లతో గుంతలోకి దించి విరిగిన చోట విరిగిన చోటు పెడితే రెండూ కూర్చున్నాయి. ఇసుక అంటుకుని గీత సరిగ్గా కనబడలేదు. హుసేనమ్మవ్వ ఊళ్లోంచి వంక దాటి తలమీద మోసుకొచ్చిన బిందె దించింది. ఆ నీళ్లు ఇంటికి తెచ్చినవి. ఎవరో వద్దనబోయారు. ఆమె వినిపించుకోకుండా గుంత అంచున కూర్చుని రాయి తలమీద మెల్లగా పోసింది. నీళ్లు మూడు గీతల్లో నిండి, పక్కనున్న నిలువు గీతలోకి దిగాయి. విరిగిన చోటికి వచ్చి ఒక్క క్షణం ఆగాయి. తర్వాత కింది ముక్కలోని గీతను పట్టుకుని, పక్కకు పోకుండా, ఇసుకలోకి దిగిపోయాయి.